రంగు పట్టించే చేయి, రంగు విరిచే జీవి

ధర్మవరం పట్టుచీరను చూసినవారు నేతను, అంచును మెచ్చుకుంటారు. నేను ముందుగా అద్దకం పనివారికి నమస్కరిస్తాను. సబ్బు, సోడా వేసి ఉడికిస్తే ముడిపట్టు జిగురు వదిలి, దాదాపు నాలుగో వంతు బరువు తగ్గుతుంది. ఆ పట్టు చిలపలను పొగలు కక్కే రంగునీటిలో తిప్పుతూ, కంటిచూపుతోనే ఛాయ పట్టేస్తారు. పోగు పోగుకూ రంగు సమంగా ఎక్కాలి. అదీ పనితనం!

మరి తొట్టిలో మిగిలిన నీరు? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం సీమలో, చిత్రావతి నది ఒడ్డునున్న ధర్మవరంలో, బిందెడు నీళ్లయినా పాడుచేసుకోలేం.

ఆ నీటిని బాగుచేయగల పనివారు బ్యాక్టీరియా. కృత్రిమ రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులే. రెండు నత్రజని పరమాణువుల మధ్య జంటబంధమే వాటి ఆయువుపట్టు. గాలి అందని తొట్టిలో సూడోమోనాస్, బాసిల్లస్ వంటివి అజోరిడక్టేజ్ అనే ఎంజైముతో ఆ బంధాన్ని తెంచుతాయి. నీరు తేటపడుతుంది, కానీ పని పూర్తికాదు. బంధం తెగగా మిగిలే అమైన్లు అనే రసాయనాల్లో కొన్ని విషాలే. గాలి ఊదే రెండో తొట్టిలో మరికొన్ని బ్యాక్టీరియా వాటిని అరిగించుకోవాలి. ఉప్పు, ఆమ్లం, వేడి సరిచూస్తూ ఈ బ్యాక్టీరియాను బతికించాలి.

మన అద్దకానికి బ్యాక్టీరియాతో స్నేహం కొత్తది కాదు. ఒకప్పుడు కడప సీమకు పేరుతెచ్చిన నీలిమందు నీటిలో కరిగి నూలుకు పట్టాలన్నా, పులియబెట్టిన తొట్టిలో బ్యాక్టీరియానే సాయం పట్టేవి. రంగు ఎక్కించే నేర్పుకు ఇచ్చే గౌరవం, కూలి, రంగునీటిని శుద్ధిచేసే నేర్పుకూ దక్కాలి. చీర ధరలో ఆ ఖర్చును మనం సంతోషంగా భరించాలి.