వాక్యం, వచనం, పరిశోధన: తెలుగు క్రైస్తవ సంఘానికి బైబిలు అధ్యయన ఆవశ్యకత

వ్యాససంగ్రహం:

తెలుగు క్రైస్తవ సంఘాల్లో బైబిలును వినడం, పాడుకోవడం, వచనాలను కంఠస్థం చేయడం బలమైన సంప్రదాయాలు. గ్రంథాన్ని పూర్వాపరాలతో, చారిత్రక నేపథ్యంతో, భాషాస్పృహతో చదివే అధ్యయనానికి మాత్రం అంతటి స్థానం దక్కలేదు. 'వాక్యము' అనే పదానికి సంఘవ్యవహారంలో ఏర్పడిన అర్థవ్యాప్తి ఇందుకు ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యిర్మీయా, మలాకీ గ్రంథాల నుంచి, పౌలు పత్రికల నుంచి మూడు సందర్భాలను పరిశీలించి, అధ్యయనం లోపించినప్పుడు విశ్వాసికి, సంఘానికి కలిగే నష్టాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: తెలుగు బైబిలు, వాక్యం, వచనం, తాత్పర్యనిర్ణయం, దశమభాగం, బెరయ, సంఘం.

1. ఉపోద్ఘాతం:

ఒక మతగ్రంథం అనుయాయుల చేతుల్లో ఉండటం వేరు, వారి అవగాహనలో ఉండటం వేరు. ఈ భేదాన్ని బైబిలే గుర్తించింది. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుణ్ణి ఫిలిప్పు అడిగిన ప్రశ్న, చదువుతున్నది అర్థమవుతున్నదా అని (అపొస్తలుల కార్యములు 8:30). అతనికి గ్రంథం ఉంది, చదివే నేర్పు ఉంది, ఆసక్తి ఉంది. వివరించేవారు లేరు. చెర నుంచి తిరిగివచ్చిన యూదులకు ఎజ్రా ధర్మశాస్త్రం చదివి వినిపించినప్పుడు లేవీయులు దాని అర్థాన్ని కూడా విప్పి చెప్పారు (నెహెమ్యా 8:8). పఠనం, వివరణ, గ్రహణం అనే మూడు దశలు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. తెలుగు సంఘాల్లో ఈ మూడింటి మధ్య సంబంధం ఎలా ఉందన్నది ప్రస్తుత పరిశీలనాంశం.

2. తెలుగు బైబిలు - చారిత్రక నేపథ్యం:

తెలుగులో బైబిలు అనువాద ప్రయత్నాలు 18వ శతాబ్దిలో బెంజమిన్ షుల్జ్‌తో మొదలయ్యాయి. ఆయన చేసిన అనువాదం ముద్రణకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజ్ ఆనందరాయరు సహాయంతో సువార్తల అనువాదం చేపట్టారు. 1812లో మొదటి మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడింది.

గ్రంథం అచ్చయిన కాలానికి, దాన్ని స్వీకరించిన సమాజంలో అధికభాగానికి అక్షరం అందుబాటులో లేదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడిన మాదిగలు. అటువంటి సమాజానికి బైబిలు మొదట చెవి ద్వారానే చేరింది. ఉపదేశకుడు చదివితే వినడం, విన్నదాన్ని కీర్తనగా పాడుకోవడం ఆనాటి అనివార్య మార్గాలు. మిషన్ పాఠశాలలు క్రమంగా అక్షరాన్ని అందించాయి. తర్వాతి తరాలు చదువుకున్నా, గ్రంథార్థాన్ని వేదికపై నుంచి మాత్రమే స్వీకరించే అలవాటు చాలాచోట్ల కొనసాగింది.

3. 'వాక్యము' - అర్థవ్యాప్తి:

ఈ కొనసాగింపుకు భాషలోనే ఒక ఆధారం ఉంది. యోహాను సువార్త ప్రారంభంలోని 'లోగోస్' అనే గ్రీకు పదాన్ని తెలుగు అనువాదకులు 'వాక్యము' అన్నారు. అక్కడ అది క్రీస్తును సూచిస్తుంది. లిఖిత గ్రంథమైన బైబిలునూ 'దేవుని వాక్యము' అంటారు. ఆదివారం ఆరాధనలో బోధకుడు చేసే ప్రసంగానికీ ఇదే పేరు. 'వాక్యం చెప్పారు', 'వాక్యానికి వెళ్లాం' అన్న వాడుకలు తెలుగు క్రైస్తవులకు సుపరిచితాలు.

క్రీస్తు, గ్రంథం, ప్రసంగం అనే మూడు వేర్వేరు విషయాలు ఒకే పదంలో చేరడం వల్ల ఒక చిక్కు ఏర్పడింది. మొదటి రెండింటికి విశ్వాసి ఇచ్చే ప్రామాణ్యం మూడోదానికీ తెలియకుండానే సంక్రమిస్తుంది. ప్రసంగాన్ని ప్రశ్నించడం వాక్యాన్ని ప్రశ్నించడంగా తోస్తుంది. గ్రంథానికీ వ్యాఖ్యానానికీ మధ్య ఉండవలసిన దూరాన్ని తిరిగి గుర్తుచేయడం అధ్యయనం చేసే మొదటి మేలు.

'వచనము' విషయంలోనూ ఇటువంటి స్పష్టత అవసరం. బైబిలులోని అధ్యాయ, వచన విభజనలు మూల రచయితలవి కావు. అధ్యాయ విభజన 13వ శతాబ్దిలో స్టీఫెన్ లాంగ్టన్‌తో, కొత్త నిబంధన వచన విభజన 1551లో రాబర్ట్ ఎస్తియెన్‌తో స్థిరపడ్డాయి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో 3 నుంచి 14 వరకు ఉన్న పన్నెండు వచనాలు గ్రీకులో ఒకే దీర్ఘవాక్యం. ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి ఉన్న పదసముదాయమే వాక్యమని భారతీయ శాస్త్రకారులు చెప్పిన లక్షణాన్ని అన్వయిస్తే, విడిగా తీసిన వచనం అనేక సందర్భాల్లో వాక్యం కూడా కాదు. దాని ఆకాంక్ష ముందు వెనుక వచనాలతోనే తీరుతుంది.

4. విడివచనం - పూర్వాపరాలు:

4.1. యిర్మీయా 29:11:

నూతన సంవత్సర ఆరాధనలో విశ్వాసులకు వాగ్దాన వచనాలను కార్డులపై ఇవ్వడం తెలుగు సంఘాల్లో ప్రచురమైన ఆచారం. దేవుని ఉద్దేశాలు హానికరమైనవి కావని, సమాధానకరమైనవని చెప్పే యిర్మీయా 29:11 అలాంటి సందర్భాల్లో ఎంతో ఆదరణ పొందిన వచనం. ఇది బబులోనుకు చెరపట్టబడినవారికి ప్రవక్త రాసిన లేఖలోని భాగం. దాని ముందరి వచనం, డెబ్బది సంవత్సరాలు పూర్తయిన తర్వాతే విడుదల అంటుంది. అంటే లేఖ అందుకున్నవారిలో చాలామంది ఆ విడుదలను చూడరు. అందుకే ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటమని, చెరలో ఉన్న పట్టణపు క్షేమం కోరమని ప్రవక్త చెప్పాడు.

ముందరి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని ప్రకటించాడు. యిర్మీయా అతన్ని ఖండించాడు. ఈ నేపథ్యంలో చూస్తే, అదే వచనాన్ని ఏడాదిలోపు నెరవేరే వ్యక్తిగత లాభంగా చదవడం యిర్మీయా కంటే హనన్యాకే దగ్గరవుతుంది. ఇక్కడ ఒక భాషావిశేషం కూడా ఉంది. వచనంలోని 'మీరు' బహువచనం, చెరలోని సమూహానికి సంబోధన. తెలుగులో 'మీరు' ఏకవ్యక్తి గౌరవార్థకం కూడా కావడంతో, కార్డు అందుకున్న పాఠకుడికి అది తననే ఉద్దేశించినట్లు తోస్తుంది. ఆ ఏడాది రోగమో, మరణమో ఇంటికి వచ్చినప్పుడు తన విశ్వాసంలోనే లోపముందన్న అపరాధభావం అతన్ని కుంగదీస్తుంది. సందర్భం తెలిసిన పాఠకుడికి మాత్రం ఆ లేఖ దీర్ఘకాల కష్టంలో నిలబడే ఓర్పును ఇస్తుంది.

4.2. మలాకీ 3:10:

దశమభాగం గురించిన బోధలో మలాకీ 3:10 ప్రధానాధారం. తాత్పర్యనిర్ణయానికి మీమాంసకులు చెప్పిన లింగాల్లో ఉపక్రమోపసంహారాలు మొదటివి. గ్రంథం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడకుండా మధ్యభాగానికి అర్థం చెప్పరాదన్నది వాటి సారం. మలాకీ ఉపక్రమంలో ఇశ్రాయేలుపై దేవుని ప్రేమను ప్రకటించిన వెంటనే యాజకులను నిలదీశాడు. కుంటివి, రోగగ్రస్తమైనవి బలిపీఠానికి తెచ్చిన యాజకులపై రెండో అధ్యాయం దాకా అభియోగం సాగుతుంది. మూడో అధ్యాయం 5వ వచనంలో కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవారిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని, పరదేశులను బాధించేవారిని హెచ్చరించాడు. దశమభాగం ప్రస్తావన ఆ తర్వాతే వస్తుంది. అది దేవుని మందిరంలో ఆహారం ఉండటం కోసం అని వచనమే చెబుతుంది.

ఆ ఆహారం ఎవరికి? ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడో ఏట దశమభాగం లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందడానికి ఉద్దేశించింది. రోజుకూలీతో బతికే విధవరాలికి మలాకీ 3:10 మాత్రమే వినిపించి, 3:5ను, ద్వితీయోపదేశకాండాన్ని వినిపించకపోతే, తీసుకోవలసిన స్థానంలో ఉన్న వ్యక్తి చెల్లించవలసిన స్థానంలోకి మారిపోతుంది. ఆమెకు ఇది సిద్ధాంతచర్చ కాదు, ఆ నెల గడవడానికి సంబంధించిన విషయం. కానుకలివ్వడం తప్పని ఈ అధ్యయనం చెప్పదు. ఇచ్చేవారి బాధ్యతతో పాటు సంఘానికి బీదల పట్ల ఉన్న బాధ్యతను అదే లేఖనం నుంచి చూపిస్తుంది.

4.3. ఫీబే - 'పరిచారకురాలు':

సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న వాదానికి మొదటి కొరింథీయుల పత్రిక 14:34ను చూపుతారు. అదే పత్రిక 11:5లో ప్రార్థన చేసే స్త్రీ, ప్రవచించే స్త్రీ కనిపిస్తారు. అక్కడ పౌలు చర్చించింది ముసుకు గురించి. వారి ప్రార్థనను, ప్రవచనాన్ని ఆయన నిషేధించలేదు. ఈ రెండింటినీ కలిపి చదవవలసిన బాధ్యత పాఠకుడిది.

ఈ సందర్భంలో తెలుగు అనువాదం ఒక విలువైన ఆధారాన్ని ఇస్తుంది. రోమీయులకు వ్రాసిన పత్రిక 16:1లో ఫీబేను కెంక్రేయ సంఘ 'పరిచారకురాలు' అని, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 1:1లో సంఘనాయకులను 'పరిచారకులు' అని తెలుగు బైబిలు పేర్కొంది. రెండుచోట్లా మూలంలో ఉన్నది 'దియాకొనోస్' అన్న పదమే. 1611 నాటి ఆంగ్లానువాదం పురుషుల విషయంలో దాన్ని పదవీనామంగానూ, ఫీబే విషయంలో సేవకురాలన్న సామాన్యార్థంలోనూ అనువదించింది. ఆంగ్లంలో మరుగుపడ్డ సమానత్వం తెలుగులో నిలిచింది. అనువాదాన్ని పదం పదం పోల్చి చదివినవారికే ఇది కనిపిస్తుంది.

5. లేఖనంలోనే పరిశోధన:

అధ్యయనానికి ప్రమాణంగా రెండో తిమోతి 2:15ను ఉదాహరించడం పరిపాటి. అక్కడి మూలపదానికి శ్రద్ధవహించడం అన్నది అర్థం. తెలుగు అనువాదం 'జాగ్రత్తపడుము' అన్న క్రియతో దాన్నే చూపింది. ప్రత్యక్షమైన ఆధారం బెరయ వారి వృత్తాంతంలో ఉంది (అపొస్తలుల కార్యములు 17:11). వారు పౌలు బోధను ఆసక్తితో అంగీకరించారు, అది సరైనదో కాదో ప్రతిదినం లేఖనాల్లో వెదికారు. తెలుగు బైబిలు అందుకు వాడిన మాట 'పరిశోధించుట'. అపొస్తలుడి బోధనే పరీక్షించినవారిని గ్రంథకర్త ఘనులుగా ప్రశంసించాడు. బోధకుడిని గౌరవించడం, బోధను పరిశీలించడం ఇక్కడ ఒకే పనిలోని రెండు భాగాలు.

వచనాన్ని ఉదాహరించడం మాత్రమే ప్రామాణ్యం కాదని శోధన వృత్తాంతం హెచ్చరిస్తుంది. దేవాలయ శిఖరం నుంచి దూకమన్న అపవాది 91వ కీర్తనను ఆధారంగా చూపాడు (మత్తయి 4:6). యేసు మరొక లేఖనంతో దాన్ని సమన్వయించి తిప్పికొట్టాడు.

6. ఒక ఆక్షేపం - సమాధానం:

అధ్యయనం పండితుల పని, సామాన్య విశ్వాసికి భక్తి చాలు అన్న వాదం ఉంది. లేఖనాలను పరిశోధిస్తూ కూడా క్రీస్తు దగ్గరకు రానివారిని యోహాను 5:39-40 విమర్శించిన మాట నిజమే. అయితే అక్కడి విమర్శ గమ్యం తప్పిన పఠనం మీద. చదవకపోవడాన్ని అది సమర్థించదు.

తెలుగు క్రైస్తవ సాహిత్యం కూడా భక్తికీ అధ్యయనానికీ వైరం లేదని నిరూపిస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు అక్షరం రానివారి నోట బైబిలు విషయాలను నిలిపాయి. 1964లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం పొందిన జాషువ 'క్రీస్తు చరిత్ర' సువార్తలను విడివచనాలుగా కాక సమగ్ర జీవితకథగా గ్రహించిన ఫలితం. వినికిడి మీద ఆధారపడిన సంప్రదాయంలోనూ అధ్యయనం సాధ్యమే. గృహ ప్రార్థనకూటంలో ఒక వచనానికి బదులు ఒక అధ్యాయం చదివించి, ఎవరు ఎవరితో ఏ స్థితిలో మాట్లాడుతున్నారని అడిగితే చాలు, చదువురానివారూ ఆ చర్చలో పాల్గొనగలరు. కూలి, అప్పు, వలస అనుభవం ఉన్న శ్రోతకు మలాకీ మాటలు పండితుడి కంటే ముందే అర్థం కావచ్చు.

7. ఉపసంహారం:

పై పరిశీలన నుంచి కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి.

• 'వాక్యము' పదం క్రీస్తుకు, గ్రంథానికి, ప్రసంగానికి సమానంగా వాడుకలో ఉండటం వల్ల ప్రసంగానికి గ్రంథప్రామాణ్యం సంక్రమిస్తోంది. వీటిని వేరుచేసి చూడటం అధ్యయనంతోనే వీలవుతుంది.

• విడివచనం వ్యక్తిగత ఓదార్పును ఇవ్వగలిగినా, సందర్భం కోల్పోయినప్పుడు అపరాధభావానికి, ఆర్థికభారానికి, స్త్రీల మౌనానికి కారణం కాగలదు.

• ఉపక్రమోపసంహారాల వంటి భారతీయ తాత్పర్యనిర్ణయ సాధనాలు తెలుగు బైబిలు పఠనానికి ఉపకరిస్తాయి. తెలుగు సాహిత్య పరిశోధకులు ఈ దిశలో సంఘానికి తోడ్పడగలరు.

• తెలుగు అనువాదం మూలానికి నీడ మాత్రమే కాదు. కొన్నిచోట్ల అది ఇతర అనువాదాల కంటే మూలార్థాన్ని స్పష్టంగా నిలిపింది.

అక్షరం నిరాకరించబడిన సమాజానికి తెలుగు బైబిలు చేతికందిన తొలి గ్రంథాల్లో ఒకటి. దాన్ని చదవడానికి ఆ సమాజం పడిన శ్రమ చిన్నది కాదు. చదివే హక్కు వచ్చాక అర్థం చెప్పే పనిని పూర్తిగా ఇతరులకే వదిలేస్తే ఆ శ్రమ సగంలోనే ఆగినట్లవుతుంది. బెరయ సంఘంలాగా విన్నదాన్ని ఇంటికి వెళ్లి విప్పి చూసుకునే విశ్వాసుల వల్ల బోధకుడికీ మేలు, సంఘానికీ మేలు.