కోడుపొయ్యి మీద గంగాళం

ధనుర్మాసంలో నల్లమల గాలి దిగిందంటే గిద్దలూరులో తెల్లవారుజామున నీళ్లు ముట్టుకోలేం. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా మేం కర్నూలు జిల్లావాళ్లం. అందుకే మా నోట వేడినీళ్లు ఇప్పటికీ ‘ఉడుకునీళ్లే’. చిన్నప్పుడు ఆ నీళ్లు కోడుపొయ్యి మీద కాగేవి. దానికంటూ విడిగా కట్టె పెట్టిన గుర్తు లేదు. అన్నం కింద మండిన మంటే పక్క కంతలోంచి పోతూపోతూ గంగాళాన్ని కాచేది. గంగాళానికి రేకుమూత, మూత కదలకుండా మార్కాపురం పలకరాయి ముక్క. మూత తీసి మరిచామా, అమ్మ గొంతు లేచేది: "ఏందిరా, ఉడుకంతా ఎగిరిపోతా ఉంటే చూస్తా నిలబడ్డావు?"

మొన్న డాలస్ నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్‌లో పెరట్లోని హాట్‌టబ్ చూపించాడు. నలుగురు మెడదాకా మునిగి కూర్చునే తొట్టి. అడుగునుంచి బ్లోయర్ గాలి బుడగలై పొంగుతోంది.

"చల్లగాలికి నీళ్లు ఆరిపోతున్నాయి మామా. గాలిని హీటర్‌తో వేడిచేసి పంపితే కరెంటు మిగలదా?"

మిగలదు. కరెంటుతో గాలిని కాచినా, నీళ్లను కాచినా తిరిగే యూనిట్లు అవే. పైగా అసలు దొంగ గాలి చల్లదనం కాదు, ఆవిరి. ఘనమీటరు గాలిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి 24 కిలోజౌళ్లు చాలు. అదే గాలి 38 డిగ్రీల నీళ్లలోంచి పైకి వచ్చేసరికి 40 గ్రాముల దాకా ఆవిరిని మోసుకుపోగలదు. ఆ ఆవిరితో పోయే వేడి దాదాపు నాలుగింతలు. గాలిని ముందే కాచి పంపినా ఈ నష్టం ఆగదు. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే పోయే వేడితో 30 లీటర్ల చన్నీళ్లను గోరువెచ్చగా చేసుకోవచ్చు!

అయితే వాడి ఆలోచన పూర్తిగా తప్పు కాదు. తొట్టి కింద పెట్టెలో పంపు మోటారు ఎలాగూ వేడెక్కుతుంది. గాలిని బయటనుంచి కాకుండా ఆ పెట్టెలోంచే పీల్చుకునేలా చేస్తే, ఊరికే పోయే వేడి నీళ్లలోకి చేరుతుంది. మోటారు మరీ మాడకుండా చూసుకోవాలంతే. "ఇది మీ అమ్మమ్మ కోడుపొయ్యే రా" అన్నాను. అవసరం లేనప్పుడు బ్లోయర్ ఆపమన్నాను, లేచిన వెంటనే మూత వేయమన్నాను.

ఇప్పుడు మా వీధిలో పొయ్యిలు లేవు, బకెట్లో హీటర్ రాడ్డు. మా బోరునీళ్లకు దానిమీద తెల్లటి పెచ్చు కడుతుంది, దాని కింద రాడ్డు మరీ వేడెక్కి త్వరగా చెడుతుంది. ఆ పెచ్చు ఎప్పటికప్పుడు గీకేయండి. నీళ్లు కాగాక ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీసి, పిల్లలు లేచి వచ్చేదాకా బకెట్టు మీద ఓ మూత పెట్టండి.