సర్వీసు ఇంకెన్నాళ్ళుంది?

పొద్దున ఆరింటికి ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వచ్చేవాళ్ళ పలకరింపులు ఓ వారం చెవిన వేసుకోండి. "బాగున్నారా" అయ్యాక రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సర్వీసు ఇంకెన్నాళ్ళుంది?" పెళ్ళిరోజు ఎప్పుడని అడిగితే భార్య వంక చూసే మనిషి కూడా దీనికి మాత్రం తడుముకోడు. "రెండేళ్ళ నాలుగు నెలలు" అని ఠక్కున చెబుతాడు. ఎన్‌జీఆర్‌ఐ నుంచి తార్నాక దాకా ఉన్నవన్నీ సర్వీసు రిజిస్టర్లే మరి. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌ఐఎన్, ఇఫ్లూ, యూనివర్సిటీ. హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్న పాతకాపుల్లో చాలామంది వీటిలో ఏదో ఒక ల్యాబులోనో డిపార్ట్‌మెంటులోనో తల నెరిసినవాళ్ళే.

నేనూ చాలా ఏళ్ళు ఆ ప్రశ్న అడిగాను, నన్నూ అడిగారు. పేపర్లో డెస్కు ఉద్యోగం నాది. 58కి దిగిపోతానని లెక్క. ఇంటి అప్పు, అమ్మాయి చదువు, ఎల్‌ఐసీ పాలసీలు అన్నీ ఆ అంకె చుట్టూ కట్టుకున్నవే. కుర్చీలోంచి లేచింది మాత్రం 54కి. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ అంకె పుట్టుక చూడాలి.

ప్రభుత్వం 58 అనో 60 అనో అంటుంది. ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో మాత్రం ఊళ్ళో బడిపంతులు చెప్పాడు. నాన్న చెయ్యి పట్టుకుని బడికి పోతే, పంతులుగారు కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. పుట్టిన తేదీ అడిగితే నాన్న "తుఫానొచ్చిన ఏడు" అనేవాడు, కాదంటే "కందులు కోసే రోజులు" అనేవాడు. పంతులుగారు గోడ మీది క్యాలెండరు చూసి, ఐదేళ్ళు వెనక్కి పోయి, జూన్ ఒకటో జూలై ఒకటో రాసేవారు. ఇంకా పలక కూడా పట్టని పిల్లాడి పదవీ విరమణ ఆ పూటే ఖాయమైపోయేది.

అందులోనూ ఒక మెలిక ఉంది. నెలలో ఏ రోజు పుట్టినా ఆ నెలాఖరుకు రిటైరవుతారు. ఒకటో తారీఖున పుడితే మాత్రం ముందు నెలాఖరుకే. జూలై 2న పుట్టినవాడు జూలై 31 దాకా ఉంటాడు, జూలై 1న పుట్టినవాడు జూన్ 30 సాయంత్రానికే ఇంటికి. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్ర ఉద్యోగుల ఇంక్రిమెంటు జూలై 1కి వచ్చింది. ఏడాదంతా పనిచేసి ఒక్క రాత్రి తేడాతో ఆ ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవాళ్ళు మా వీధుల్లోనే ఉన్నారు. కర్ణాటక విద్యుత్ సంస్థ ఉద్యోగుల కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాకగానీ అది వాళ్ళ కష్టార్జితమేనని తేలలేదు. పంతులుగారు ఆ రోజు ఒకటికి బదులు రెండు వేసి ఉంటే కోర్టు దాకా పోయే పనే లేకపోను.

ఇక ప్రభుత్వాల అంకె. కేంద్రంలో 1962లో 55 నుంచి 58కి, 1998లో 60కి పెరిగింది. మన దగ్గర కథ ఇంకా మలుపులు తిరిగింది. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరగగానే రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గింది. ఫిబ్రవరి 28 సాయంత్రం 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. అప్పటికి ముఖ్యమంత్రిగారి వయసు 59, కొత్త ఉద్యోగంలో చేరి రెండు నెలలు కూడా కాలేదు. 1984 ఆగస్టులో మళ్ళీ 58 అయింది. 1985 జనవరిలో సుప్రీంకోర్టు 55 చెల్లుతుందని తీర్పు ఇచ్చేనాటికి ఆ 55 అమల్లోనే లేదు. మధ్యకాలంలో పంపేసినవాళ్ళకూ 58 వర్తిస్తుందని అదే ఏడాది ఇంకో తీర్పు వచ్చింది. దండలు వేయించుకుని వెళ్ళిన మనుషులు మళ్ళీ అదే కుర్చీకి హక్కుదారులయ్యారు.

ఇప్పుడు తెలంగాణలో 61, ఆంధ్రలో 62. నాగార్జునసాగర్ డ్యాముకు ఈ గట్టున ఒక ముసలితనం, ఆ గట్టున ఇంకొకటి. 2021 మార్చిలో మన దగ్గర 58ని 61 చేశాక, 58కి దిగాల్సిన రాష్ట్ర ఉద్యోగుల్లో మూడేళ్ళపాటు వయసు నిండి దిగినవాళ్ళే లేరు. ఆ మూడేళ్ళూ ఎలా గడిచాయో శాలువాలమ్మే కొట్లవాళ్ళను అడగాలి. ఇంకా దగ్గరికి రండి. ఉస్మానియాలో ప్రొఫెసరు మొన్నమొన్నటిదాకా 60కి దిగిపోయేవాడు. పక్కనే ఇఫ్లూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం, అక్కడ 65. ఒకే కొట్లో చాయ్ తాగే ఇద్దరు స్నేహితుల్లో ఒకాయన పెన్షనరు, ఇంకొకాయన చంకలో జవాబు పత్రాల కట్ట. 2025 జనవరిలో రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకులకూ 65 చేశాక ఆ గోడ తేడా పోయింది. ఇన్ని అంకెల్లో ఏదీ మనిషి మోకాళ్ళు చూసి పెట్టింది కాదు. ఖజానా చూసి, ఖాళీలు చూసి, ఎన్నికలు చూసి పెట్టినవి.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ఒక పరిశోధనశాలలో గ్లాస్‌బ్లోయరుగా చేసి 60కి దిగారు. ఇప్పుడు 72 దాటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల, ఆక్సిజన్ సిలిండరు, గ్యాసు సిలిండరు, బర్నరు. నాచారం ఫ్యాక్టరీల నుంచి, చిన్నాచితకా ల్యాబుల నుంచి పగిలిన కండెన్సర్లు, మెడ విరిగిన ఫ్లాస్కులు ఆయన దగ్గరికి వస్తుంటాయి.

పోయిన వారం వెళ్ళి ఓ గంట కూర్చున్నాను. ఊదారంగు అద్దాల కళ్ళజోడు పెట్టుకుని పని చేస్తున్నారు. గాజు కాగితే అందులోని సోడియం పసుపుపచ్చగా వెలుగుతుంది, ఆ వెలుగులో పని కనబడదు. ఈ అద్దం ఆ పసుపునొక్కదాన్నే మింగేస్తుంది. తీసి నాకు పెట్టారు. అంతవరకు వట్టి మంటగా ఉన్నచోట, పాకంలా జారబోతున్న గాజు గొట్టం కనిపించింది.

పేరుకు ఊదడమేగానీ అసలు పని తిప్పడంలో ఉందట. రెండు చేతుల్లో రెండు ముక్కలు, మధ్యలో మంట. రెండూ ఒకే వేగంతో తిరగాలి. ఒక చెయ్యి వెంట్రుకవాసి వెనకబడినా మెత్తబడ్డ గాజు మెలిపడి ఒక పక్కకు కారిపోతుంది. రెండూ అతుక్కున్నాక రబ్బరు గొట్టం నోట పెట్టుకుని చిన్నగా ఊదితే అతుకు దగ్గర మందం సమానమవుతుంది. దాంతో అయిపోలేదు. 560 డిగ్రీల దగ్గర కొలిమిలో ఉంచి, మెల్లమెల్లగా చల్లార్చాలి. తొందరపడి చల్లారిస్తే చూడ్డానికి నిక్షేపంగానే ఉంటుంది. ఒత్తిడంతా లోపల దాక్కుని, ఎవరూ ముట్టుకోకుండానే ఒకరోజు పటుక్కుమంటుంది.

"రిటైరైనోళ్ళు గూడ గంతే తమ్మీ" అన్నారాయన, గొట్టం మీంచి చూపు తిప్పకుండానే. "ముప్పై ఆరేండ్లు మంట మీదుంచి, ఒక్క సాయంత్రంల చల్లారమంటే పగులుడే."

చల్లారకుండా నిలిచినవాళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. ఐఐసీటీలో ఉండగా ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని సిప్లాకు అందించిన ఏ.వి. రామారావుగారు, 1995లో 60 ఏళ్ళకు డైరెక్టరు పదవి దిగి, అదే ఏడాది అవ్రా ల్యాబొరేటరీస్ పెట్టారు. ఎన్‌ఐఎన్‌ను నడిపిన సి. గోపాలన్‌గారు ఐసీఎంఆర్ అధిపతిగా దిగాక 1980లో న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా పెట్టారు. ఆయన పోయింది 2019లో, నూరేళ్ళ వయసులో. విశాఖలో చిలుకూరి శాంతమ్మగారు 1989లో ఆంధ్రా యూనివర్సిటీలో రిటైరై, తొంభై దాటాక కూడా విజయనగరం వెళ్ళి సెంచూరియన్ యూనివర్సిటీలో ఫిజిక్సు పాఠం చెప్పారు. సన్మాన సభల్లో ఇలాంటి పేర్లు వింటాం, మనమూ అంతేలే అనుకుని ఇంటికొస్తాం. లెక్క తప్పేది అక్కడే.

అమెరికాలో ఎంప్లాయీ బెనిఫిట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఏటా రెండు ప్రశ్నలు అడుగుతుంది. పనిలో ఉన్నవాళ్ళను ఎప్పుడు దిగుతారని, దిగినవాళ్ళను ఎప్పుడు దిగారని. మొదటిదానికి మధ్యస్థంగా వచ్చే జవాబు 65, రెండోదానికి 62. సగానికి దగ్గర మంది అనుకున్నదానికంటే ముందే లేచిపోతున్నారు. ఒంట్లో బాగోక, కంపెనీ తీరు మారిపోయి, ఇంట్లో ఒకరిని చూసుకోవాల్సి వచ్చి. వయసు నిండిందని పంపేసే పద్ధతి చాలా ఉద్యోగాల్లో లేని దేశంలోనే ఇదీ సంగతి.

నాది మూడో కారణం. అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మంచం పక్కన ఒక మనిషి ఉండాలి. మా ఆవిడ టీచరు, ఆమెకు ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. నేను రాత్రి రెండింటికి ఇల్లు చేరేవాణ్ణి. ఇద్దరం వంటింట్లో నిలబడి పాలవాడి క్యాలెండరు వెనక లెక్క వేశాం, ఐదు నిమిషాలు పట్టలేదు. ఒక శుక్రవారం రాత్రి సిటీ ఎడిషన్ పంపి, సొరుగులోంచి నా కళ్ళజోడు పెట్టె తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత నెల రోజులు, రాత్రి పదయ్యేసరికి నా చేతులు హెడ్డింగుల కోసం వెతికాయి. అమ్మకు మాత్ర వేస్తూ, ఆ మాత్ర పేరు ఎన్ని అక్షరాలో లెక్కపెట్టిన రాత్రులున్నాయి. పెద్దాయన చెప్పిన పగులు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెను సర్వీసు ఎన్నాళ్ళుందని ఎవరూ అడగరు. అడిగితే "చేతులాడినన్ని దినాలు" అంటుంది. ఆసరా వృద్ధాప్య పింఛను వయసును 2021లో 57కి తగ్గించారు. ఉద్యోగులకు 61 చేసిందీ అదే ఏడాది. అంటే ఆమె 57కే ముసలిది, ఆఫీసులో ఉన్నాయన 61 దాకా పనివంతుడు. పింఛను వచ్చినా ఆమె గిన్నెలు మానలేదు. అనుకున్న వయసు, అసలు వయసు అనే తేడా ఆమెకు లేదు. అనుకోవడానికి ఆమెకెవరూ వయసే ఇవ్వలేదు.

ఆఫీసుల్లో బర్నరుకు రెండే స్థితులు, పూర్తిగా మండటం, పూర్తిగా ఆరిపోవడం. ఎక్స్‌టెన్షన్ తెచ్చుకున్నవాళ్ళకు కూడా ఆరే రోజు వెనక్కి జరుగుతుందంతే. ఏ వయసుకు దిగాలో ముప్పై ఏళ్ళు లెక్కలేసే మనం, ఎలా దిగాలో మూడు రోజులైనా ఆలోచించం. గ్రాట్యుటీ ఎంత, కమ్యుటేషన్ ఎంత అని కాగితాలు నింపుతాం. ఏ పని ముందు వదలాలి, ఏది చివరిదాకా ఉంచుకోవాలి, వదిలింది ఎవరి చేతిలో పెట్టాలి అన్న గడి ఏ ఫారంలోనూ లేదు. ఉంటే నేనూ 50 ఏళ్ళకే ఏదో ఒకటి రాసిపెట్టుకునేవాణ్ణి. అమ్మ పడిపోయిన రాత్రి అన్నీ ఒకేసారి వదలాల్సి వచ్చేది కాదు.

లేవబోతూ పెద్దాయనను అడిగాను. "ఇంకెన్నాళ్ళు చేస్తావన్నా?"

ఏళ్ళలో చెబుతారనుకున్నాను, లీటర్లలో చెప్పారు. ఆఫీసులో ఉండగా ఐదు లీటర్ల ఫ్లాస్కుకు మెడ అతికేవారట. అంత బరువు మంట మీద తిప్పాలంటే మణికట్టు నిలవాలి. 64లో ఒకరోజు చెయ్యి వణికింది. ఆ పూటే ఐదు లీటర్లు మానేశారు. 68లో రెండు లీటర్లు మానేశారు. పెద్దవి వస్తే షెడ్డులో నేర్చుకుంటున్న కుర్రాడి చేతికిచ్చి, తాను స్టూలు మీద కూర్చుని ఆ కుర్రాడి రెండు చేతులూ సమంగా తిరుగుతున్నాయో లేదో చూస్తారు.

"అర లీటరు కాడున్న తమ్మీ ఇప్పుడు. దీని తర్వాత పావు లీటరున్నది, టెస్టు ట్యూబున్నది. మస్తు సర్వీసున్నది."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నీదెంతకొచ్చింది అన్నట్టు చూశారు. ఒకప్పుడు రాత్రికి పన్నెండు పేజీలు నా చేతి మీదుగా వెళ్ళేవి.

"ఒక కాలమ్ దగ్గరున్నానన్నా" అన్నాను.