మిగిలిన స్క్రూ

రామగుండంలో కరెంటుకు కరువు లేదు. ఎన్టీపీసీ పాత స్టేషన్ ఒక్కటే 2,600 మెగావాట్లది. 1978లో పునాది పడింది, 1983 నుంచి కరెంటు ఇస్తోంది. దాని పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో 800 మెగావాట్ల యూనిట్లు రెండు లేచాయి. సింగరేణి బొగ్గు రైలు పెట్టెల్లో వచ్చి ఆ బాయిలర్లలో మండుతుంది. పుట్టిన కరెంటు 400 కేవీ లైన్లెక్కి రాష్ట్రాలు దాటిపోతుంది. గోడకున్న ప్లగ్గు దగ్గరికి 230 వోల్టులై వస్తుంది, చార్జర్‌లో దూరి 19 వోల్టులై బయటపడుతుంది. ఇంత దూరమూ సాఫీగా నడిచిన కరెంటు, లాప్‌టాప్ పక్కనున్న గుండ్రటి చిన్న రంధ్రం దగ్గర ఆగిపోతుంది. దాని పేరు పవర్ జాక్. షాపుల్లో చార్జింగ్ పిన్ను అంటారు.

మా గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో ఈ పిన్నులు ఎందుకు ఇన్ని పోతాయో చెప్పడం కష్టం కాదు. 2020లో కాలేజీలు మూతపడి క్లాసులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు చాలా ఇళ్లలో అప్పు చేసైనా లాప్‌టాప్ కొన్నారు. హైదరాబాద్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఇంటికొచ్చి మంచం మీదే ఆఫీసు పెట్టారు. మా క్వార్టర్ కట్టిన రోజుల్లో గదికి ఒక ప్లగ్గు చాలనుకున్నారు. ఆ ప్లగ్గు దాకా వైరు సాగి నిలబడుతుంది. దాటేవాళ్ల కాలు తగులుతుంది, లేచేవాళ్ల దుప్పటి చుట్టుకుంటుంది. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చార్జర్ పిన్ను మోకాలికి ఆని వంగుతుంది. కొన్నాళ్లకు చార్జింగ్ లైటు మినుకుమినుకుమనడం మొదలవుతుంది. వైరును ఒక వాలులో పట్టుకుంటేనే ఎక్కుతుంది. ఆ వాలు నిలవడానికి కింద పుస్తకం పెడతారు. పుస్తకం పెట్టారంటే జాక్ పని అయిపోవచ్చిందని అర్థం.

మా అక్క బిడ్డ లాప్‌టాప్‌ది ఇదే కథ. షాపులో చూపిస్తే బోర్డు మార్చాలన్నారట, వేలల్లో ఖర్చు చెప్పారట. జాక్ ఒక్కటే అయితే కొన్ని వందలు. ఇలాంటివి విప్పి బాగుచేయడం నాకు అలవాటు గనుక నా దగ్గరికి తెచ్చింది. నేను స్క్రూడ్రైవర్ తీసేలోపే మా బాపు, అంటే నాన్న, అడ్డం పడ్డాడు.

"ఆగు. కరెంటు ఏడిదాక వస్తున్నదో సూసినవా? మిషిన్ ఇప్పేది తర్వాత."

బాపు సింగరేణి ఇంక్లైన్‌లో, అంటే భూగర్భ గనిలో, ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ మిషిన్లు, వాటికి కరెంటు తీసుకుపోయే ట్రైలింగ్ కేబుళ్లు, ఆ కేబుళ్లకు కరెంటిచ్చే గేట్ ఎండ్ బాక్సులు ఆయన లోకం. లాప్‌టాప్ వాడడం ఆయనకు రాదు. బాగుచేయడంలో మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకా ఉందని అలాంటప్పుడు తెలుస్తుంది.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న సగం పని తేలుస్తుంది. చార్జింగ్ ఎక్కకపోవడానికి కారణం మూడు చోట్ల ఉండొచ్చు. చార్జర్ వైరు పిన్ను మెడ దగ్గర లోపల తెగి ఉండొచ్చు. ఎక్కువసార్లు తెగేది అక్కడే. జాక్ విరిగి ఉండొచ్చు. బోర్డు మీద భాగం కాలి ఉండొచ్చు. మల్టీమీటర్ పెడితే చార్జర్ కొసన 19 వోల్టులు నిలకడగా చూపించింది. వైరును కదిపినా అంకె కదల్లేదు. అదే చార్జర్ పిన్నును జాక్‌లో పెట్టి కదిపితే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. జాక్ దగ్గరే తెగిందని డబ్బా విప్పకుండానే తేలింది.

బాపు రెండో ప్రశ్న ఇంకా లోతైనది. "పిన్ను ఇరిగింది సరే. దాని మీద బరువెందుకు పడ్డది?"

గనిలో ఆ ప్రశ్నకు ప్రాణాలతో సంబంధం ఉంటుంది. ఎస్‌డీఎల్ బొగ్గు ఎత్తుకుంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే 550 వోల్టుల కేబుల్ దాని వెంట ఈడ్చుకుపోతుంది. ఆ లాగుడు లోపలి రాగి కోర్లకు తగలకూడదు, కనెక్షన్ మీద అసలే పడకూడదు. అందుకే కేబుల్ మిషిన్‌లోకి పోయే చోట దాని తొడుగును గ్లాండు, క్లాంపు గట్టిగా పట్టుకుంటాయి. లాగితే క్లాంపు మోయాలి, కోరు వదులుగా ఉండాలి. టోపీ లైటు వైరుకు కూడా, నడుముకున్న బ్యాటరీ దగ్గర, అలాంటి పట్టే ఉంటుంది. లాప్‌టాప్ జాక్‌కు ఆ పట్టు లేదు. వైరు లాగినా, కాలు తగిలినా, ఒళ్లో వంగినా ఆ బలమంతా నేరుగా లోపలి అతుకు మీదే పడుతుంది.

వదులైన అతుకు ఊరికే ఉండదు. 65 వాట్ల చార్జర్ దాదాపు 3.4 ఆంపియర్లు ఇస్తుంది. పిన్ను గట్టిగా ఆనినప్పుడు అక్కడ పుట్టే వేడి లెక్కలోకి రాదు. వదులై అర ఓమ్ నిరోధం వచ్చిందంటే ఆ చిన్న చోటే ఆరు వాట్ల దాకా వేడి పుడుతుంది. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ వేడిలో అది నాలుగో వంతు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పిన్ను మరింత వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. పుస్తకం పెట్టి నెట్టుకొచ్చేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. రోజులు గడిచేకొద్దీ జాక్‌తో పోయేది బోర్డు దాకా పాకుతుంది.

విప్పడం మొదలుపెట్టాం. ముందు లాప్‌టాప్ ఆపాలి, చార్జర్ తీయాలి, వెనక మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్ విప్పాలి. తర్వాత పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన చార్జి కూడా దిగిపోతుంది. గనిలో స్విచ్ తీసి, తాళం వేసి, 'మనుషులు పనిలో ఉన్నారు' అని బోర్డు తగిలించి, కరెంటు లేదని పరీక్షించుకుని గానీ చెయ్యి పెట్టరు. బాపు బ్యాటరీ కనెక్టర్‌ను తన కళ్లతో చూసి గానీ నన్ను ముందుకు పోనివ్వలేదు.

స్క్రూలకు బాపు పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. యూనియన్ వాళ్లు పంచిన పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, అట్ట మీద పరిచి, దాని మీద లాప్‌టాప్ బొమ్మ గీస్తాడు. ఏ మూలలో విప్పిన స్క్రూ ఆ మూలలోనే గుచ్చాలి. చూడడానికి అన్నీ ఒకటే, పొడవులు మాత్రం వేరు. పొట్టి రంధ్రంలో పొడుగు స్క్రూ బిగిస్తే పై ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికొస్తుంది, లేదా బోర్డుకు తగులుతుంది. కొన్ని స్క్రూలు కింది రబ్బరు పాదాల వెనక దాక్కుంటాయి. అన్నీ తీశామనుకుని మూతను బలంగా లాగితే విరిగేది అప్పుడే. పాత ఏటీఎం కార్డును అంచులో దూర్చి చుట్టూ నడిపితే క్లిప్పులు ఒక్కొక్కటే టిక్కుమంటూ వదులుతాయి. కీబోర్డు నుంచి బోర్డుకు పోయే చదునైన రిబ్బన్ కేబుల్‌ను లాగకూడదు. దాన్ని పట్టుకున్న సన్నటి గడియను గోరుతో లేపితే అదే వస్తుంది.

లోపల ఫ్యాన్ పక్కన రాగి రెక్కల మధ్య నల్లటి దుమ్ము కంబళి ముక్కలా పేరుకుంది. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన ఉండే ఊళ్లో లాప్‌టాప్ విప్పితే ఇది కనిపించకుండా ఉండదు. బ్రష్‌తో తీసేశాం. విప్పినందుకు అదో లాభం.

జాక్ స్క్రీను బిజాగిరీ కిందే ఉంది. అదృష్టవశాత్తూ ఇది వైరు జాక్: జాక్‌కు పొట్టి వైర్లు, వాటి కొసన బోర్డులో గుచ్చే కనెక్టర్. కంపెనీలు చాలా మోడళ్లలో ఇలా పెట్టడానికి కారణముంది. దెబ్బ జాక్‌కు తగిలినా బోర్డు దాకా పోదు, పాడైతే ఆ ముక్క ఒక్కటే మార్చొచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో మోడల్ నంబరు చెబితే దొరుకుతుంది. ఆర్టీసీ కార్గోలో వేస్తే మన డిపో దగ్గర తీసుకోవచ్చు. మేం తెప్పించింది అలాగే.

జాక్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే పని వేరు. బోర్డు లోపల పొరలు పొరలుగా రాగి ఉంటుంది. జాక్ ఎర్త్ కాలు ఆ రాగి పొరకే అతుక్కుని ఉంటుంది గనుక, ఐరన్ పెట్టిన వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ దాదాపు 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. ఫ్లక్స్ రాసి, 183 డిగ్రీలకే కరిగే పాత రకం సీసం సోల్డర్‌ను దానిలో కలిపితే అతుకు తేలిగ్గా కరుగుతుంది. అన్ని కాళ్లూ కరగకముందే జాక్‌ను పీకితే రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడి కాలితో పాటే వచ్చేస్తుంది. అప్పుడు బోర్డు మార్చాలన్న మాట నిజమవుతుంది. ఈ పనికి చెయ్యి తిరగనివాళ్లు ముందు చెత్తలో పడేసిన పాత బోర్డుల మీద సాధన చేయాలి.

కొన్ని జాక్‌ల నడిమధ్య సన్నటి సూది ఒకటి ఉంటుంది. లాప్‌టాప్‌ను నడిపే కరెంటు దాని గుండా రాదు. చార్జర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కు చెప్పే దారి అది. డెల్ చార్జర్లలో ఇందుకోసం చిన్న మెమరీ చిప్ పెడతారు. సూది వంగిందంటే లాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. బాపుకు ఇది వివరిస్తుంటే మధ్యలోనే అందుకున్నాడు: "గంటే మన పైలట్ కోరు లెక్క." ట్రైలింగ్ కేబుల్‌లో మూడు ఫేజులు, ఎర్త్ కాక పైలట్ అనే సన్నటి కోరు ఉంటుంది. ప్లగ్గులో దాని పిన్ను మిగతావాటి కంటే పొట్టి. ప్లగ్గు ఊడుతుంటే ముందు పైలట్ విడుతుంది, అది విడగానే గేట్ ఎండ్ బాక్స్‌లో కాంటాక్టర్ పడిపోతుంది. పెద్ద పిన్నులు విడేసరికి వాటిలో కరెంటే ఉండదు, నిప్పురవ్వ లేవదు. ఒకటి వాట్లు చెబుతుంది, ఇంకోటి ప్రాణం కాపాడుతుంది. బరువు మోయని సన్నటి దారి మీద పెద్ద కరెంటు ఆధారపడడం రెండింట్లోనూ ఉంది.

కొత్త జాక్ పెట్టాక మూయకముందే పరీక్ష. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య షార్టు లేదని మీటర్‌తో చూడాలి. వైర్లు వాటి కోసం చేసిన గాడిలోనే పోవాలి. బిజాగిరీ కింద నలిగితే స్క్రీను తెరిచిన ప్రతిసారీ కోసుకుపోతాయి. బ్యాటరీ తగిలించి, చార్జర్ పెట్టి, లైటు వెలిగితే అప్పుడు మూత.

రిపేర్లు చేసే కుర్రాళ్ల మధ్య ఒక జోకుంది: బిగించాక రెండు స్క్రూలు మిగిలితే కంపెనీ వాడు ఎక్కువ పెట్టాడని అర్థం. బాపు ముందు ఈ జోకు చెల్లదు. గనిలో మీథేన్ గ్యాస్ 5 నుంచి 15 శాతం మధ్య గాలిలో కలిస్తే నిప్పురవ్వ చాలు పేలడానికి. అది 1.25 శాతం దాటితే కరెంటే తీసేయాలి. అక్కడి స్విచ్ డబ్బాలు ఫ్లేమ్‌ప్రూఫ్‌వి. డబ్బాలోకి గ్యాస్ పోకుండా ఆపలేం. లోపల పేలినా, మూత అంచుకూ డబ్బా అంచుకూ మధ్య ఉన్న అర మిల్లీమీటరుకు మించని సందులోంచి వచ్చేలోపు మంట చల్లారిపోవాలి, బయటి గ్యాస్‌కు అంటుకోకూడదు. ఆ సందు అంతే ఉండాలంటే ప్రతి బోల్టూ ఉండాలి, సరిగ్గా బిగిసి ఉండాలి. ఒక్కటి లేకపోతే ఎంత మందం ఇనుమైనా అది మామూలు డబ్బా. అలాంటి పని చేసి వచ్చినవాళ్లకు మరమ్మతు అయ్యిందీ లేనిదీ తేలేది మూత బిగించాకే. నాకు విప్పడంలో సరదా. లోపల ఏముందో చూడాలన్న ఆత్రం. బాపు కంటికి లోపల ఉన్నదాని కంటే మళ్లీ ఎలా మూస్తామన్నదే ముందు కనిపిస్తుంది. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని నేను పట్టుకున్న తేడా ఇదొక్కటే, ఇది చిన్న తేడా కాదు.

తయారుచేసేవాళ్లు ఈ జాక్ గొడవను ఎప్పుడో గుర్తించారు. ఆపిల్ 2006లో అయస్కాంతంతో అతుక్కునే మాగ్‌సేఫ్ తెచ్చింది. కాలు తగిలితే వైరు ఊడుతుంది, లాప్‌టాప్ పడదు. యూరోపియన్ యూనియన్‌లో ఫోన్లకు 2024 చివరి నుంచి, లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ నుంచి యూఎస్‌బీ-సీ చార్జింగ్ తప్పనిసరి. ఒకే చార్జర్ అందరికీ పనికొస్తుంది, మంచిదే. ఆ యూఎస్‌బీ-సీ జాక్‌ను బోర్డుకే సోల్డర్ చేస్తే మాత్రం బాధ మొదటికొస్తుంది. అందులో సన్నటి కాళ్లు 24, చేతి ఐరన్‌కు అంత తేలిగ్గా లొంగవు. మన కేంద్రం 2022 జూలైలో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. నా కోరిక చిన్నది: ఎక్కువ దెబ్బలు తినే భాగాన్ని విడి ముక్కగా పెట్టండి, విడిగా అమ్మండి. గని మిషిన్లలో ఎప్పటి నుంచో ఉన్న ఆ తెలివి కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

మన దగ్గర మనం చేసుకోగలిగింది ఒకటుంది. ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టులదే. ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బా విప్పి మూసిన ఎలక్ట్రీషియన్లు రిటైరై కాలనీ చెట్ల కింద పేపర్లు చదువుతున్నారు. సింగరేణి సేవా సమితి కార్మికుల పిల్లలకు కుట్టుపని నుంచి కంప్యూటర్ దాకా శిక్షణలు ఇస్తోంది. వాటిలో మరమ్మతు కూడా చేర్చి, ఈ పెద్దలను గురువులుగా కూర్చోబెట్టాలి. చిప్పుల సంగతి పిల్లలకు బాగానే తెలుసు. కరెంటు ఏడిదాక వస్తున్నదో చూడడం, బరువెందుకు పడిందో అడగడం ఈ పెద్దలు నేర్పుతారు. పరీక్ష కూడా కష్టమైనదేం కాదు: విప్పిన డబ్బా మూసి, లైటు వెలిగించి, బల్ల మీద ఒక్క స్క్రూ మిగల్లేదని చూపించాలి.