గేరుబాక్సు దించకముందు

పాత వ్యాను గేరు పడక కరకరమని అరచినంతనే "క్లచ్ ప్లేటు పోయిందండీ, గేరుబాక్సు దించాలి" అని తీర్పు చెప్పుట మన మెకానిక్కులలో పెక్కుమందికి అలవాటు. విజయవాడ ఆటోనగరు మొదలుకొని మండల కేంద్రములలోని రేకుల షెడ్ల వరకు ఈ మాట నేను వినుచునే యున్నాను. దించిన పిదప ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు మూడును క్రొత్తవి వేయుట ఆచారము. అంతయు బిగించి బండిని రోడ్డెక్కించిన పిమ్మట మరల అదే కరకర వినవచ్చినచో, అత్త మీది కోపము దుత్త మీద చూపినట్లైనదని అప్పుడు తెలియును.

మారుతీ ఓమ్ని వంటి వ్యానులలో పెడలును క్లచ్చును కలుపునది ఉక్కు కేబులు. అది సాగినను, పోగులు తెగినను కంటికి కనబడును. టెంపో ట్రావెలరు వంటి వానిలో ఆ పని ద్రవమునకు అప్పగింపబడినది. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకును తఱుగక ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు బ్లేజ్ పాస్కల్ నిరూపించిన సూత్రమే ఇచ్చట డ్రైవరు పాదము క్రింద పనిచేయుచున్నది: పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును సన్నని గొట్టము గుండ నెట్టును, ఆ ఆయిలు గేరుబాక్సు చెంతనున్న స్లేవు సిలిండరు కడ్డీని వెలికి త్రోయును, కడ్డీ ఫోర్కును కదల్చి ప్లేటును విడిపించును. ఈ వరుసలో లోపమెచ్చటనున్నను డ్రైవరునకు తెలియునది మాత్రము ఒక్కటే, గేరు పడదు. ఈ దోషనిర్ణయమునందు నాకు గల మక్కువకు కారణమిదియే.

ఇంజను ఆపినప్పుడు గేర్లన్నియు మెత్తగా పడుచు, స్టార్టు చేసినంతనే రివర్సు మొరాయించినచో, క్లచ్చు పూర్తిగా విడుటలేదని అర్థము. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను రొద పెరిగియు బండి వేగము పెరగకున్నచో అది జారుడు. అందుకు ప్లేటును అనుమానించుట న్యాయమే. విడకపోవుటయైనచో, ఒకరు పెడలు త్రొక్కుచుండగా వేరొకరు వ్యాను క్రింద దూరి స్లేవు కడ్డీ ఎంత జరుగుచున్నదో చూడవలెను. కడ్డీ నిండుగా జరిగియు గేరు పడకున్నచో ఆయిలు నిర్దోషి. గేరుబాక్సు దించుడు, నాకు అభ్యంతరము లేదు. సగమే జరిగినచో దోషము పైనున్నది. ఈ పరీక్షకు పానాతో కూడ పనిలేదు, అయినను దీనిని చేయువారు అరుదు.

పెడలును రెండుమూడు మారులు కొట్టగా గేరు పడినచో గాలి చేరినదని ఊహింపవచ్చును. స్లేవు నిపిలు వద్ద ఎయిరు తీసినచో కుదురును. కాని మూసిన గొట్టములోనికి గాలి ఊరక రాదు గదా! స్లేవు రబ్బరు బూటు ఎత్తి, పెడలు వెనుక కడ్డీని తడిమి, తడి యున్నదేమో చూడవలెను. అన్నింటికంటె కపటమైనది మాస్టరులోని లోపలి కారుట: రబ్బరు కప్పు అరిగి, ఆయిలు బయటికి రాక పిస్టనును దాటి వెనుకకే పోవుచుండును. డబ్బాలో మట్టము తగ్గదు, నేలపై చుక్క పడదు. పెడలును అదిమి పట్టినచో మాత్రము అది మెల్లమెల్లగా దిగజారును. ఇది గుర్తింపక పదేపదే ఎయిరు తీసినవారిని నేనెరుగుదును. రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసికొనినచో పోయిన ఆయిలు తిరిగిరాక, ప్లేటు మంచిదే యైనను క్లచ్చు జారును. జారుడు చూచినప్పుడు దీనిని కూడ తలచుకొనవలెను.

ఆయిలు నల్లబడినదన్న రబ్బరు అరగుచున్నదన్నమాట. గాలిలోని తేమను పీల్చుట దాని స్వభావము: ప్రమాణము ప్రకారము డాట్ 3 ఆయిలు క్రొత్తదైనప్పుడు 205 డిగ్రీల సెల్సియసు వరకు మరుగరాదు, నీరు పట్టిన పిదప ఆ హద్దు 140కి దిగును. పొదుపునకై ఇంజనాయిలు పోసినచో రబ్బరులన్నియు ఉబ్బి చెడును.

కొన్ని వ్యానులలో బ్రేకునకును క్లచ్చునకును డబ్బా ఒక్కటియే. అట్టి బండిలో ఆయిలు తగ్గుచున్నదని తెలిసినచో, కారణము దొరకువరకు ఘాటురోడ్డు ఎక్కకుడు.