సత్యభామ అంటే స్థానం వారే

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు చీర కట్టి రంగస్థలం మీదికొస్తే సాక్షాత్తూ సత్యభామే. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో ‘మీరజాలగలడా’ పాట ఆయన తనకోసం తానే రాసుకున్నది. ఆ ఒక్క పల్లవినే తిప్పి తిప్పి పాడుతూ ఒకసారి గర్వం, ఒకసారి గోము, మరోసారి అలక ఒలికించేవారు. మాట అదే, కనుబొమ విరుపు వేరు. ఆ విరుపు వెనక వరుస దాకా చేరాలంటే ఎంత సాధన కావాలి! చింతామణి, మధురవాణి, రోషనార... ఆయన వేసిన ఈ పాత్రల్లో ఎవరి నడక వారిదే. సినిమాల్లోనూ నటించారు గానీ ఆయన ప్రాణమంతా నాటకమే. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో సుశీల గారు పాడగా జమున గారు అభినయించింది ఆ ‘మీరజాలగలడా’ పాటకే. ఈసారి అది వినబడితే స్థానం వారిని ఒక్కసారి తలుచుకోండి.