ఏడ్చే దిక్కు లేని లోకానికి

రూత్ పోయింది. ముప్పైల్లోనే ముసలిదైంది. జుట్టు పండింది, కళ్ళకి శుక్లాలు కమ్మాయి. పక్కన పదేళ్ళ కూతురు జేన్. తల్లిని కుదిపి, లెమ్మని, పని ఉందని, అతుకులేని రెండు ముక్కలంటుంది. తల్లి లేవదు. ఆ పిల్ల కాసేపు చూసి, అమ్మ వస్తువుల్లో పనికొచ్చేవి తీసుకుని వెళ్ళిపోతుంది. ఆ కళ్ళలో చుక్క నీరు లేదు. ఆ గొంతులో చిన్న జీర లేదు.

1984 సెప్టెంబరు 23న బీబీసీ ప్రసారం చేసిన 'థ్రెడ్స్' సినిమాలోది ఈ చావు. అణుయుద్ధం ముగిశాక మిగిలే లోకాన్ని ఊహించిన చిత్రాలు చాలా ఉన్నాయి. వాటిలో నగరాలు మండాయి, ఆకాశాలు మాడాయి, సముద్రాలు మూగబోయాయి. అవన్నీ చూసి తట్టుకున్న గుండె ఇక్కడ, ఈ పొడికళ్ళ ముందు, తట్టుకోలేకపోయింది.

అమ్మా రూత్! నిన్ను కడిగి పడుకోబెట్టే చేతులేవి తల్లీ? వాకిట్లో చేరి, నీ చిన్నతనం నుంచి చెప్పుకొచ్చి, నువ్వు తిన్నవీ తినలేకపోయినవీ తలుచుకుని, రాగం తీసి శోకాలు పెట్టే ఆడవాళ్ళేరీ? చావు ఎవరికైనా తప్పదు. కానీ పాడెకి నలుగురుంటారనీ, పేరు పెట్టి పిలిచి ఒక్కరైనా ఏడుస్తారనీ లోకం పుట్టినప్పటి నుంచీ మనిషికి ఒక ధీమా. నీ దగ్గర ఆ ధీమా కూడా దోచుకున్నారు.

షెఫీల్డ్ నీ ఊరు. ఉక్కుకీ కత్తులకీ పేరుపడ్డ ఊరు. నెల తప్పావు, జిమ్మీతో పెళ్ళి కుదిరింది, కొత్త కాపురానికి చూసుకున్న ఇంటిని ఇద్దరూ కలిసి ముస్తాబు చేస్తున్నారు. పక్కన టీవీ ఎక్కడో ఇరాన్‌లో సైన్యాలు మోహరించాయంటుంది, మీరు వినీ వినకుండా ఉన్నారు. జిమ్మీకి పిట్టలంటే ప్రాణం, పెరట్లో గూడు కట్టి పెంచుకుంటాడు. ఈ కథ రాసిన బారీ హైన్స్ బొగ్గుగని కార్మికుడి కొడుకు. అంతకుముందే డేగను మచ్చిక చేసుకున్న ఓ పేదపిల్లవాడి నవల రాసినవాడు. రెక్క విలువ తెలిసిన చెయ్యి కాబట్టే, ముందు ఆ పిట్టలని చూపించి, ఆ తర్వాత ఆకాశాన్ని ఖాళీ చేశాడు.

ఒక మే నెల ఉదయం బాంబు పడింది. వాకిళ్ళలో పాలసీసాలు మైనంలా కరిగాయి. జిమ్మీ నీ వైపే పరుగెత్తాడు. అంతే. దర్శకుడు మిక్ జాక్సన్ అతన్ని మళ్ళీ చూపించలేదు, శవంగానైనా చూపించలేదు. ఇందులో దర్శకుడి క్రూరత్వం ఉందని అంటారు గానీ, నాకు నిజాయితీ కనబడింది. అన్ని వేల మందిలో ఏ ప్రాణం ఏ మలుపులో ఆరిపోయిందో నీకే తెలియదు, మనకెందుకు తెలియాలి?

తర్వాత చీకటి. కాలిన నగరాల పొగ పైకెక్కి సూర్యుణ్ణి కప్పేస్తే భూమి గడ్డకడుతుందని కార్ల్ సాగన్, ఆయన సహశాస్త్రజ్ఞులు 1983 డిసెంబరులోనే ప్రకటించారు. ఆ లెక్కని హైన్స్, జాక్సన్ చలిగా, ఆకలిగా, ఎలుకల బేరంగా మార్చి చూపించారు. ఆ చలిలో, ఎవరిదో కొట్టంలో, కుక్క మొరుగుతుండగా, మంత్రసాని లేక, మరిగించిన నీళ్ళు లేక, నువ్వు ఒంటరిగా కన్నావు. బొడ్డుతాడు పళ్ళతో కొరుక్కున్నావు. ఆ బిడ్డే జేన్.

తెర మీద టైపు అక్షరాలు చప్పుడు చేసుకుంటూ వస్తాయి: బ్రిటన్ జనాభా 40 లక్షల నుంచి కోటీ 10 లక్షల మధ్యకి, మధ్యయుగాల నాటి స్థాయికి పడిపోవచ్చని. ఆ అంకె కన్నా నన్ను వేధించేది ఒక చిన్న దృశ్యం. పిల్లలు గుంపుగా కూర్చుని, అరిగిపోయిన పాత వీడియో పాఠం చూస్తుంటారు. వాళ్ళ నోట వచ్చేది సగం తెగిన మాట. విభక్తి రాలిన మాట, క్రియ కుంటిన మాట, తల్లి ఒడిలో నానని మాట. మరోచోట జేన్, పాత బట్టల దారాలు విప్పుతూ ఉంటుంది. ఆ దారాల్లాగే భాషా ఊడిపోయింది. జోల ఎవరు పాడారు ఆ పిల్లకి? చందమామని ఎవరు చూపించారు? ఏడుపు పుట్టుకతో వస్తుందంటాం, నిజమే, ఆకలేడుపు వస్తుంది. ఇంకొకరి కోసం ఏడవడం మాత్రం చూసి నేర్చుకోవాలి. పోయినవాళ్ళ పేరు చెప్పి ఏడుస్తున్న అమ్మమ్మ పక్కన, అర్థం కాకుండా కూర్చుని నేర్చుకోవాలి. జేన్‌కి ఆ అమ్మమ్మని లేకుండా చేశారు. బిడ్డా, నువ్వు కఠినురాలివి కావు. నీకు దుఃఖం వారసత్వంగా అందలేదు, అంతే.

అటు ఇనుపతెర వెనక, 1986లో, కాన్‌స్టాంటిన్ లోపుషాన్‌స్కీ తీసిన 'మృతుడి లేఖలు' చిత్రంలోనూ పిల్లలున్నారు. పసుపుపచ్చని రోగిష్టి వెలుగులో, మ్యూజియం అడుగున తలదాచుకున్న ఓ వృద్ధ శాస్త్రవేత్త, జాడలేని కొడుక్కి మనసులో ఉత్తరాలు రాస్తుంటాడు. మాట పడిపోయిన అనాథపిల్లలు ఆయనకి మిగులుతారు. పుల్లలూ తీగలూ ఏరి వాళ్ళకోసం క్రిస్మస్ చెట్టు కడతాడు. శత్రువులని చెప్పుకున్న రెండు దేశాల్లో, రెండేళ్ళ తేడాలో, రెండు సినిమాలు ఒకే మూగపిల్లల్ని కలగన్నాయి. ఆ పసినోళ్ళ దగ్గరే అందరి గుండే ఆగింది కాబోలు.

హిల్డా బ్లాగ్స్‌ని తలుచుకోకుండా ఎలా ఉండను? అదే ఏడు జిమ్మీ మురకామి బొమ్మల సినిమాగా తీసిన రేమండ్ బ్రిగ్స్ కథ. ప్రభుత్వం పంచిన కరపత్రాన్ని వేదంలా నమ్మి, తలుపులు గోడకి ఏటవాలుగా ఆనించి, వాటి కింద ముసలి దంపతులు దూరతారు. బాంబు వస్తోందని రేడియో అరుస్తుంటే హిల్డాకి పొయ్యిలో కేకు మాడిపోతుందని బెంగ. తల్లీ, నీ బెంగే నిజం! అధికారుల పటాలూ, సొరంగాలూ, సంకేతపదాలూ అబద్ధం; నీ కేకే నిజం.

ఇవేవీ గాలిలోంచి పుట్టిన ఊహలు కావు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో ఉదయం 8:15కి మెట్ల మీద నీడలై మిగిలిన మనుషులున్నారు. నల్లవాన తాగినవాళ్ళున్నారు. షోహెయ్ ఇమామురా 1989లో తీసిన 'నల్లవాన'లో యాసుకో జుట్టు కుచ్చులుగా చేతికొస్తుంటే చూసినవాళ్ళకి తెలుసు, సినిమా ఇక్కడ కల్పించినదాని కన్నా జ్ఞాపకం పెట్టుకున్నదే ఎక్కువని.

ఈ శోకానికి పాలకులు భయపడ్డారు. కెంట్ ప్రాంతంలో మామూలు జనంతో పీటర్ వాట్కిన్స్ 1965లో తీసిన 'ది వార్ గేమ్' ప్రసారానికి మరీ భయంకరమని బీబీసీ ఆపేసింది. ఆస్కార్ వచ్చినా బ్రిటన్ టీవీలో అది కనిపించడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. బాంబుని దాచుకున్నారు సరే, దాని కోసం కార్చే కన్నీటిని కూడా ఇరవై ఏళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశారు! అమెరికాలో 'ది డే ఆఫ్టర్' 1983 నవంబరులో దాదాపు పదికోట్ల మంది కళ్ళని తడిపింది. ముందుగా చూసిన అధ్యక్షుడు రీగన్ తన డైరీలో అది చూసి మనసెంతో కుంగిందని రాసుకున్నాడు.

సన్యాసం పుచ్చుకునేవాడు తన పిండం తానే పెట్టుకుంటాడు, వెనక పెట్టేవాళ్ళుండరని తెలుసు గనక. ఈ చిత్రాలు అలా మనిషిజాతి బతికుండగానే పెట్టుకున్న ఆత్మపిండాలు. షెఫీల్డ్ వీధుల్లో బూడిద పూసుకుని, చింపిరిగుడ్డలు కట్టుకుని, కెమెరా ముందు నడిచినవాళ్ళలో ఎందరో ఆ ఊరివాళ్ళే, అణ్వాయుధాల మీద ఉద్యమిస్తున్నవాళ్ళే. తమ బజారులో తామే శవాలై పడుకున్నారు. రూత్, నీకు బంధువుల్లేరన్నాను. ఉన్నారు. నీ చావుకి వాళ్ళు ముందుగానే వచ్చారు, నీ ఊరి యాసలోనే ఏడ్చి వెళ్ళారు.